ఫ్లాష్ గారి కారిడార్ ప్రవచనాలు

నగరం ఇంకో ఎనిమిది నిమిషాల్లో పేలిపోతుందని కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు చెప్పారు. భూమ్మీద అందరికంటే వేగంగా పరిగెత్తే మనిషి ఆ మాట విన్నాడు. ముఖం వేలాడేశాడు. వెనక్కి తిరిగి, అడుగులో అడుగు వేసుకుంటూ గదిలోంచి బయటికి నడిచి, కారిడార్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నడిచి. ఈ మాటను పాఠకులు దయచేసి ఇంకోసారి చదువుకోవాలి.

మొన్న రాత్రి ఈ ఘట్టం మళ్లీ తగిలింది. ఎన్నోసారో గుర్తులేదు. రిమోట్ పక్కన పెట్టి కాగితం, పెన్ను తీసుకున్నాను. ఇక ఊరుకోకూడదనిపించింది.

ఇది 'ది ఫ్లాష్' సిరీస్ సంగతని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. అమెరికాలో సీడబ్ల్యూ ఛానల్ 2014 అక్టోబర్ 7న మొదలుపెట్టి 2023 మే 24 దాకా వదల్లేదు. 9 సీజన్లు, 184 ఎపిసోడ్లు. ప్రకటనలు తీసేసి ఒక్కోటి నలభై రెండు నిమిషాలనుకుంటే దాదాపు 129 గంటలు. నిద్రాహారాలు మానేసి కూర్చున్నా ఐదు రోజుల పైమాట. నేను అంతా చూశాను. కాబట్టి ఈ ఒక్క విషయంలో నన్ను నిపుణుడిగా పరిగణించాలని మనవి. వేరే ఏ విషయంలోనూ ఎవరూ పరిగణించడం లేదు.

ఇక కారిడార్ దగ్గరికి వద్దాం.

హీరో బ్యారీ ఆలెన్ గోడకు ఆనుకున్నాక సరిగ్గా అయిదు సెకన్లు ఎవరూ రారు. ఇది మర్యాద. ఆరో సెకనుకు అడుగుల చప్పుడు. వచ్చేది పెంచిన తండ్రి జో అయితే చేతులు జేబుల్లో ఉంటాయి. ప్రేయసి, తర్వాత భార్య అయిన ఐరిస్ అయితే చేతులు కట్టుకుని ఉంటాయి. ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడు సిస్కో అయితే ముందు ఒక జోకు వేస్తాడు, అది పండదు, అప్పుడు అసలు విషయానికి వస్తాడు. ఎవరొచ్చినా చెప్పేది ఒక్కటే. నీ బలం నీ కాళ్లలో లేదు బ్యారీ, నీ గుండెలో ఉంది. బ్యారీ తల వంచుకుని, నా వల్ల కాదంటాడు. అవుతుందంటారు వాళ్లు. కాదేమో అంటాడు ఇంకోసారి, మొహమాటానికి. వెనక పియానో మొదలవుతుంది. పియానో వచ్చిందంటే మనం టీ పెట్టుకుని రావచ్చు. తిరిగొచ్చేసరికి ఇంకా అక్కడే ఉంటారు. చివరికి కౌగలింత. కౌగలింత కూడా మామూలు వేగంలోనే.

గోడకు అవతల ఎనిమిది నిమిషాల గడియారం ఏమైందని మీరు అడుగుతారు. ఏమీ కాలేదు. కారిడార్‌లో ఎవరైనా మనసు విప్పి మాట్లాడుతుంటే బాంబులు పేలవు. విలన్లకు అంతమాత్రం సంస్కారం ఉంది.

నేను చిన్న లెక్క వేశాను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మన వీరుడు మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్‌లోనే ఆ వేగం దాటాడు. ఒళ్లంతా ఉక్కుగా మారే టోనీ వుడ్‌వర్డ్ అనే అతన్ని ఒక్క గుద్దు గుద్దడం కోసం ఐదు మైళ్లకు పైగా దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి మరీ దాటాడు. ఆ వేగంతో మూడు నిమిషాలు పరిగెత్తితే అరవై కిలోమీటర్లు. అంటే ఒక సగటు కారిడార్ ప్రవచనం ఖరీదు అరవై కిలోమీటర్లన్నమాట. రెండు ప్రవచనాలున్న ఎపిసోడ్లు కొల్లలు. సీజన్ ముగింపుకి మూడుంటాయి, ఒకటి మేడ మీద.

అసలు ఈ అబ్బాయికి ఈ అలవాటు మొదటి రోజునుంచే ఉంది. మెరుపు తగిలి, తొమ్మిది నెలలు కోమాలో ఉండి లేచాడు. కాళ్లలోకి అంత వేగం వచ్చింది. దాన్ని మొట్టమొదట పెద్దగా వాడింది దేనికో తెలుసా? వందల మైళ్లు పరిగెత్తి ఇంకో ఊళ్లో ఉన్న విల్లు పట్టుకునే మిత్రుడి దగ్గరికి వెళ్లి, మేడ మీద నిలబడి, నాకు ధైర్యం చెప్పవా అని అడగడానికి. ఆ మిత్రుడు చెప్పి పంపించాడు. అక్కడే మనకు అర్థం కావలసింది.

కురుక్షేత్రంలోనైనా ఇది ఒక్కసారే జరిగింది. అర్జునుడు విల్లు పక్కన పెట్టాడు, పద్దెనిమిది అధ్యాయాలు, ఏడు వందల శ్లోకాలు విన్నాడు, లేచాడు, పద్దెనిమిది రోజులు యుద్ధం చేశాడు. రెండో రోజు పొద్దున్నే మళ్లీ రథం దిగి చక్రానికి ఆనుకుని, బావా, నాలో ఆ శక్తి ఉందంటావా అని అడగలేదు. అడిగి ఉంటే కృష్ణుడు ఏం చేసేవాడో ఊహించుకోగలను. చక్రం ఊరికే పట్టుకోడు ఆయన.

న్యాయంగా రచయితల పక్షం కూడా చెప్పుకోవాలి. అక్టోబర్‌లో మొదలైన కథని మే దాకా లాగాలి. మొదటి నాలుగు సీజన్లు తలా 23 ఎపిసోడ్లు. ఒక్క విలన్‌ను 23 వారాలు బతికించడం మాటలు కాదు. ఎర్ర దుస్తుల్లో మెరుపులు చిమ్ముతూ పరిగెత్తే ప్రతి సెకనుకీ గ్రాఫిక్స్ వాళ్లకు డబ్బివ్వాలి. కారిడార్‌కు ఏమీ ఇవ్వక్కర్లేదు. సెట్ ఎలాగూ వేసి ఉంది. ఇద్దరు నటులు, ఒక గోడ, ఒక పియానో. ఈ ధారావాహికలో తొమ్మిదేళ్లు పారితోషికం లేకుండా పనిచేసిన ఏకైక పాత్ర ఆ కారిడార్. ఏ అవార్డు సభలోనూ దాని పేరు పిలిచిన పాపాన పోలేదు.

ఇంకొక వింత. మొదటి సీజన్‌లో అందరికంటే గొప్ప ప్రవచనాలు చెప్పింది ల్యాబ్ పెద్ద, బ్యారీ గురువు డాక్టర్ వెల్స్. చక్రాల కుర్చీ, కళ్లజోడు, నెమ్మదైన గొంతు. ఆయన మాట వింటే మనక్కూడా లేచి పరిగెత్తాలనిపించేది. తీరా చూస్తే ఆయన వెల్సూ కాదు, కుర్చీ అవసరమూ లేదు. బ్యారీ తల్లిని చంపినవాడు ఆయనే. గురువే శత్రువు. సరే, బాగుంది, చప్పట్లు కొట్టాం. రెండో సీజన్‌లో సహాయానికి వచ్చిన మంచి మిత్రుడు జే. తీరా చూస్తే విలన్. మూడో సీజన్‌లో కవచం తొడుక్కున్న దేవుడిలాంటి వాడొకడు వచ్చాడు. ముసుగు తీస్తే భవిష్యత్తునుంచి వచ్చిన బ్యారీ. అంటే స్నేహితులు అయిపోయారు, ఇక మిగిలింది తనే. మూడేళ్లు వరసగా ముగ్గురూ బ్యారీకంటే వేగంగా పరిగెత్తేవాళ్లే. మూడేళ్లూ పరిష్కారం ఒక్కటే, ఇంకొంచెం వేగంగా పరిగెత్తు. ఇది సలహా కాదు, ట్రాక్ పక్కన నిలబడ్డ డ్రిల్ మాస్టారి కేక.

బ్యారీ బృందం మకాం వేసిన స్టార్ ల్యాబ్స్ తలుపుల గురించి నేను ఎక్కువ చెప్పను. ఊళ్లో ప్రతి నేరస్థుడూ వచ్చిపోయే ఆ భవనానికి ఒక గొళ్లెం పెట్టించుకోమని మాత్రం సలహా. కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో కూడా అడగను.

ఐరిస్ సంగతి మాత్రం అడుగుతాను. ఆమె విలేకరి. ఫ్లాష్ ఎవరో కనిపెట్టాలని అతని గురించే రాస్తూ తిరిగే మనిషి. ఫ్లాష్ అంటే బ్యారీయేనని ఆమెకు తప్ప అందరికీ తెలుసు. ఆమె కన్నతండ్రి జోకి తెలుసు. ల్యాబ్‌లో ముగ్గురికీ తెలుసు. పదిహేనో ఎపిసోడ్‌లో ఊరి మీదికి ఉప్పెన వస్తుంటే బ్యారీ ఆమె కళ్లముందే ఆ దుస్తుల్లోకి మారాడు. హమ్మయ్య, తెలిసిపోయింది అనుకున్నాం. వెంటనే పరిగెత్తి పరిగెత్తి ముందురోజులోకి వెళ్లిపోయాడు, ఆమెకు తెలియడమనేదే రద్దయిపోయింది. పదహారో ఎపిసోడ్‌లో స్నార్ట్ అనే దొంగకు తెలిసింది. దొంగకు! తర్వాత ఆమెతో కాపురానికి సిద్ధమవుతున్న ఎడ్డీకి చెప్పారు, ఆమెకు చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుని మరీ. చివరికి ఇరవయ్యో ఎపిసోడ్‌లో చెయ్యి తగిలినప్పుడు చిన్న షాక్ కొడితే ఆమే పట్టేసింది. ఒక్కరూ చెప్పలేదు. కారణం ఏమిటట? ఆమె క్షేమం కోసం. నిజం తెలియనంత కాలం ఆమె కిడ్నాప్ కాకుండా ఉందా అంటే అదీ లేదు. పెద్దమనిషి తరహా గల మగవాళ్లు నలుగురు కూర్చుని ఒక చదువుకున్న అమ్మాయికి ఏం తెలియాలో ఏం తెలియకూడదో తీర్మానించారు, దానికి ప్రేమ అని పేరు పెట్టారు, మనం పియానో వింటూ కళ్లు తుడుచుకున్నాం.

కాలంలో వెనక్కి వెళ్లడం ఇంకో ముచ్చట. వెళ్లకూడదని ప్రతి గురువూ చెబుతాడు. వెళ్తాడు. రెండో సీజన్ చివర వెళ్లి తల్లిని కాపాడుకున్నాడు. మూడో సీజన్ మొదట్లో మళ్లీ సర్దడానికి ప్రయత్నించాడు. తిరిగొచ్చేసరికి సిస్కో అన్నయ్య చచ్చిపోయి ఉన్నాడు. పక్క సిరీస్‌లో ఉండే డిగిల్‌కు అంతకుముందు కూతురుండేది, ఇప్పుడు కొడుకున్నాడు. పాప ఏమైంది? ఏమీ కాలేదు. ఎప్పుడూ లేదు. ఒక పసిపిల్ల మొత్తంగా లేకుండాపోయింది, దానికి బ్యారీ సారీ చెప్పాడు. ఎక్కడ చెప్పి ఉంటాడో ఊహించుకోవడం మీకే వదిలేస్తున్నాను. గోడ మాత్రం ఉండి ఉంటుంది.

ఇప్పుడు అదే భవనంలో కారిడార్‌కు కిందనున్న ఇంకో చోటికి వెళ్దాం. దాన్ని పైప్‌లైన్ అంటారు. పేలిపోయిన పార్టికల్ యాక్సిలరేటర్ తాలూకు సొరంగం. అందులో గాజు తలుపులున్న చిన్న గదులు. శక్తులు వచ్చిన మనుషుల్ని, వీళ్లు 'మెటాలు' అంటారు, పట్టుకొచ్చి అందులో పడేస్తారు. కాళ్లు చాపుకోవడానికి కూడా చోటున్నట్టు కనిపించదు. స్నానాల గది నా కంటికి పడలేదు. లాయర్ లేడు, జడ్జి లేడు, ఎఫ్‌ఐఆర్ లేదు, ఎన్నాళ్లో చెప్పే కాగితం లేదు. ఎందుకంటే మామూలు జైలు ఐరన్ హైట్స్ గోడలు వీళ్లని ఆపలేవట.

ఒప్పుకుంటాను. గోడలు చాలవు. జడ్జి కూడా చాలడా? విచారణకు గోడలెందుకు?

పడేసేది ఎవరు? ఒకడు పోలీసు డిటెక్టివ్ జో. ఇంకొకడు అదే పోలీసు శాఖలో ఫోరెన్సిక్ పనిచేసే ఉద్యోగి బ్యారీ. అరెస్టు చేసినవాణ్ని ప్రశ్నించే ముందు, నోరు మెదపకుండా ఉండే హక్కు నీకుంది, లాయర్‌ను పెట్టుకునే హక్కు నీకుంది అని చెప్పాలని 1966 మిరాండా తీర్పు వచ్చాక అమెరికా టీవీలో పోలీసు కథలు చూసే పిల్లలకు కూడా నోటికి వచ్చు. డిటెక్టివ్ జోకి రాదా? పొద్దున స్టేషన్‌లో ఆ మాటలు చదివి, సాయంత్రం ఇక్కడికొచ్చి గాజు తలుపు మూస్తాడు.

షానా బేజ్ అనే అమ్మాయిని తీసుకోండి. బార్‌లో పనిచేసేది. కంటికి కనిపించినంత దూరం రెప్పపాటులో దూకగలదు. జైల్లో ఉన్న ప్రియుణ్ని తప్పించింది, వాడి అప్పు తీర్చడానికి దొంగతనం చేసింది. తప్పే, కాదనను. పట్టుబడే వేళకి వాడు ఆమెను వదిలేసి కారెక్కి పోయాడు. ఆమెను తెచ్చి పైప్‌లైన్‌లో పెట్టారు. చూడగలిగితే దూకేస్తుంది కదా, అందుకని బయట ఏమీ కనపడని గాజు వెనక పెట్టారు. ఎన్నాళ్లు? తెలియదు. ఎవరు నిర్ణయిస్తారు? తెలియదు. కేసు నంబర్ లేదు గానీ 'పీకబూ' అనే ముద్దుపేరు మాత్రం ఉంది. ముఖం దాచి చూపిస్తూ పసిపిల్లల్ని ఆడించే ఆట పేరు. ఒక మనిషిని చీకటి గాజు వెనక కూర్చోబెట్టి ఆ పేరు పెట్టి నవ్వుకున్నారు, మనమూ నవ్వాం. నేను నవ్వాను. మొదటిసారి చూసినప్పుడు నవ్వాను.

ఆ పక్క స్నార్ట్‌ను చూడండి. ఇందాకటి దొంగే. చేతిలో అన్నిటినీ గడ్డకట్టించే తుపాకి. అప్పటికే దాంతో మనుషుల్ని చంపినవాడు. అతనికి ఏ శక్తీ లేదు కాబట్టి మామూలు కోర్టు, మామూలు జైలు హాయిగా సరిపోతాయి. బ్యారీ అతనితో ఒప్పందం చేసుకున్నాడు. నా పేరు బయట పెట్టకు, ఇకమీదట ఎవరినీ చంపకు, నీ దారి నీది. ఇరవై రెండో ఎపిసోడ్‌లో పైప్‌లైన్ ఖైదీలను ఎక్కడో సముద్రం మధ్య ద్వీపంలోని ఇంకో రహస్య జైలుకు తరలించాల్సి వచ్చినప్పుడు కాపలాకి పిలిచింది కూడా ఈ పెద్దమనిషినే. అతను చక్కగా తలుపు తీసి వదిలేశాడు. ఆ ఎపిసోడ్‌లో ఒకరిద్దరు ఇది తప్పు కదా అని గొణిగారు. గొణుగుడు ఎపిసోడ్‌తోపాటే అయిపోయింది.

గుద్దడానికి ఐదు మైళ్లు పరిగెత్తుకొచ్చిన ఆ టోనీ గుర్తున్నాడా? అతనూ ఇందులోనే ఉండేవాడు. తర్వాతి వారమే వెల్స్ అతన్ని ఎరగా బయటికి వదిలి, ఇంకో మెటా చేతిలో చంపించాడు. కస్టడీలో చావు. ఎవరి కస్టడీ? దానికీ సమాధానం లేదు, ఎందుకంటే అతను అక్కడున్నాడని చెప్పే రిజిస్టరే లేదు. నింబస్ అనేవాడి సంగతి వేరే, అతనికి అంతకుముందే కోర్టు మరణశిక్ష వేసింది. కోర్టు మొహం చూసినవాడు ఆ సొరంగంలో నాకు గుర్తున్నంతలో అతనొక్కడే.

ఇదంతా చేసింది ఎవరో మరిచిపోవద్దు. బ్యారీ కథ మొత్తం ఒక అన్యాయమైన జైలు మీద నిలబడింది. చేయని హత్యకు వాళ్ల నాన్న హెన్రీని పద్నాలుగేళ్లు లోపల పెట్టారు. కొడుకు ఆ గాజు అద్దానికి ఇవతల కూర్చుని ఫోన్ పట్టుకుని ఏడ్చిన ప్రతిసారీ మనం ఏడ్చాం. ఆ కొడుకే! ఏ రాత్రి తన ఇంటికి వచ్చి తండ్రిని తీసుకుపోయారో, ఆ రాత్రిని ఇంతమంది ఇళ్లకు తీసుకెళ్లాడు. హెన్రీకి కనీసం కోర్టు ఉంది, తప్పుడు తీర్పైనా తీర్పు ఉంది, వచ్చి చూసే కొడుకున్నాడు. షానాకు ఎవరున్నారు? ఆమె ఇంట్లో ఎవరైనా ఉంటే, అమ్మాయి ఏమైందో వాళ్లు ఎవరినడగాలి? పోలీస్ స్టేషన్‌కు వెళ్తే అక్కడ రాసుకునేది జోనే కదా!

నాలుగో సీజన్‌లో బ్యారీ మీదే హత్య కేసు పడింది. విలన్ తన పాత శరీరాన్ని తెచ్చి బ్యారీ ఇంట్లో పడేశాడు. అప్పుడు చూడాలి. కోర్టు ఉంది. జడ్జి ఉన్నారు. జ్యూరీ ఉంది. సిసిల్ లాంటి మంచి లాయర్ ఉంది. జీవిత ఖైదు వేశారు. అదే సమయంలో ఊరంతా ఫ్లాష్‌ను సత్కరిస్తోందని పక్కన చూపించి మన గుండె పిండారు. తండ్రి ఉన్న గదిలోకే కొడుకు వెళ్లాడు. గోడ మీద తండ్రి చెక్కుకున్న అక్షరాలు. అబ్బ, ఎంత అన్యాయం అనిపించాలి మనకు. అనిపించింది కూడా. ఒక్క ఎపిసోడ్‌లో ఒక్క మనిషికి జరిగిన అన్యాయానికి అంత సంగీతం వాయించినవాళ్లు, అదే మనిషి నింపిన జైలుకు ఒక్క మెట్టు పియానో కూడా వాయించలేదు.

తర్వాతి సీజన్లలో ఐరన్ హైట్స్‌లోనే మెటాల కోసం వేరే విభాగం వచ్చింది. అంటే గోడలు కట్టొచ్చన్నమాట. ఎవరైనా అడిగి ఉంటే ముందే కట్టేవారేమో.

నేను మళ్లీ కారిడార్ దగ్గరికి వచ్చాను. మొన్న రాత్రి ఎక్కడ ఆపానో అక్కడే ఉన్నాడు బ్యారీ, గోడకు ఆనుకుని, తల వంచుకుని. ప్లే నొక్కాను. అడుగుల చప్పుడు వినిపించింది. జో వచ్చాడు, చేతులు జేబుల్లో. నీలో మంచితనం ఉందిరా అన్నాడు. పియానో మొదలైంది. ఆ కారిడార్‌నుంచి పైప్‌లైన్ దాకా మామూలు మనిషి నడిచినా మహా అయితే రెండు నిమిషాలు పడుతుంది. 184 ఎపిసోడ్లలో ఒక్కరైనా ఒక్కసారి చేతులు జేబుల్లో పెట్టుకుని అటు నడిచి, ఆ గాజు ముందు నిలబడి, నీకేమైనా కావాలా అమ్మాయీ అని అడిగితే ఆ సీన్ చూపించండి. టీ పెట్టుకోవడానికి కూడా లేవను.